కలకత్తా నగరములో కాలిబంతియాట

పుష్కరస్నానమునకు పోయివత్తుమనిన మనలను ఎవ్వరును అడ్డగింపరు. మేనకోడలి పెండ్లికనిన మూటలు కట్టుటకు ఇంటిల్లిపాదియు సాయపడుదురు. కాని “కాలిబంతియాట చూచి వచ్చెదము” అని చెప్పి చూడుడు. ఇంటిలోనివారు మొగమొగములు చూచుకొందురు. ఆటకు ఆడువారికి ఏమి పొత్తని వారి సందేహము. అట్టి ప్రయాణమే యొకటి 2025 ఆగస్టు నెలలో మేమును మా ఆడబిడ్డయు చేసితిమి. అదియు రైలుబండిలో గాదు, మోటారు సైకిలుపైన. చూచిన నగరమును గూర్చియు, ఆటను గూర్చియు, ఆ సందేహమునకు మాకు దొరికిన సమాధానమును గూర్చియు ఈ మాసము సోదరీమణులకు విన్నవింతుము.

విశాఖపట్టణము నుండి కలకత్తా సుమారు 880 కిలోమీటర్లు. చెన్నపట్టణమునుండి వచ్చు పదునారవ నంబరు జాతీయరహదారి సముద్రతీరమును అనుసరించుచు అచ్చటిదాక పోవును. ఆగస్టు 13వ తేదీ తెల్లవారుజామున బయలుదేరి, గంటకొకమారు బండి నడుపుట మార్చుకొనుచు, మూడవనాటి సాయంకాలమునకు చేరితిమి. ఇట్టి ప్రయాణమును తలపెట్టు సోదరీమణులకు రెండు మాటలు. చీర చెంగుగాని, చున్నీగాని చక్రములో చిక్కుకొని ప్రాణములు పోయిన ఉదంతములు మీరును వినియే యుందురు. వెనుకచక్రమును సగమునకు తక్కువగాకుండ కప్పు అడ్డు ఉండవలెననియు, వెనుక కూర్చుండువారికి పట్టుకొనుటకు పిడియు, కాళ్లు ఆనించుటకు మెట్లును ఉండవలెననియు 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలోనే కలదు. బండి కొనునపుడు రంగును చూచుటకు ముందు వీనిని చూడుడు. హెల్మెట్టు ఇద్దరికిని వలయును. వానకాలమున చీకటిపడిన పిమ్మట ప్రయాణము వలదు.

దారిలో నదులకు లెక్కలేదు. నాగావళి, వంశధారలు మనవి. బరంపురమున ఒక రాత్రి విశ్రమించి, ఋషికుల్యను దాటి, చిలుకసరస్సు అంచును పట్టుకొని పోగా మహానది వచ్చినది. పిమ్మట బ్రాహ్మణి, ఆ పిమ్మట వైతరణి. ఆ పేరు పలకపై చదివి మా ఆడబిడ్డ, “వదినా, ఆవుతోక పట్టుకొని దాటవలసిన నదిని మోటారు సైకిలు హాండిలు పట్టుకొని దాటుచున్నాము సుమా!” అని నవ్వినది. బాలాసోరులో రెండవ రాత్రి గడిపి, సువర్ణరేఖ దాటి, ఖరగపురములో మధ్యాహ్నభోజనమునకు ఆగితిమి. బెంగాలు నాగపురము రైల్వే కాలమునుండి ఉద్యోగములకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు అచ్చట పెక్కు కలవు. మాకు అన్నము పెట్టిన ఇల్లాలు, “ఏమమ్మా, ఇద్దరాడవాళ్లు ఈ వానలో ఇంతదూరము బండిమీద వచ్చినారా? ఇంతకూ ఏ మొక్కు ఉన్నది?” అని యడిగినది. ఆట చూచుటకనగా ఒక నిమిషము మాటాడలేదు. పిదప, “మా వాళ్లు ఏటేటా పోవుదురు. నన్ను రమ్మన్నవారు లేరు, నేనును అడగలేదు” అని చారు వడ్డించినది. ఆ మాట మా వెంట కలకత్తాదాక వచ్చినది.

కోలాఘాటువద్ద రూపనారాయణ నదిని దాటునపుడు బుట్టలలో వెండివలె మెరయు ఇలిశచేపలు కనబడినవి. గోదావరి ప్రాంతపు సోదరీమణులకు వీనిని పరిచయము చేయ నవసరము లేదు. సముద్రమునుండి గోదావరి యెఱ్ఱనీటికి ఎదురీది వచ్చినపుడు మనము పులస యని పిలుచునది ఈ చేపయే. పుస్తెలమ్మియైన పులస తినవలెనని మనవారనిన, ఆ విషయమున వంగదేశపువారు మనకు ఏమాత్రమును తీసిపోరు. ఈ చేపకును బంతియాటకును గల సంబంధమును ముందు చెప్పెదము.

నగరమున మొదటి ఉదయము హుగ్లీనదిపైనున్న హౌరా వంతెన చూచితిమి. 1943లో రాకపోకలకు తెఱచిన ఆ మహాసేతువునకు నదిలో ఒక్క స్తంభమైనను లేదు. మరలు బిగింపక, కాల్చిన రివెట్లతో ఉక్కుకమ్ములను కూర్చినారు. దాని మొదట మల్లికుఘాటు పూలబజారు. బంతిపూల దండలు త్రాళ్లవలె చుట్టి మోసుకొనిపోవు కూలీల నడుమ నిలుచుటకే చోటు లేదు. అచ్చటినుండి ఉత్తరముగా పోయి కుమారటూలి చూచితిమి. దుర్గాపూజకు ఇంకను ఆరు వారములు కలదు. గడ్డితో కట్టిన దేహములకు బంకమట్టి పూయుచుండిరి. తల లేని దేవి, చేతులు లేని దేవి, కన్నులు దిద్దని దేవి, వీథి పొడవునను కనబడిరి.

అచ్చటికి అనతిదూరముననే బేథ్యూను పాఠశాల కలదు. 1849లో బాలికలకై స్థాపింపబడిన ఈ పాఠశాలకు ఈశ్వరచంద్ర విద్యాసాగరులు కార్యదర్శిగా నుండిరి. మన వీరేశలింగము పంతులుగారిని దక్షిణదేశ విద్యాసాగరుడని పొగడుట ఈ మహనీయుని పేరిటనే కదా! ఇక్కడి కళాశాలలో చదివిన కాదంబినీ గంగూలీగారును, చంద్రముఖీ బసుగారును 1883లో పట్టభద్రులైరి. పిదప కాదంబినిగారు వైద్యకళాశాలలో చేరి 1886లో వైద్యము చేయుటకు అర్హత పొందిరి. ఆ కాలమున ఆమె నొచ్చుకొనునట్లు వ్రాసిన పత్రికలును కలవు. ఆమె రోగుల యిండ్లకు పోవుట మానలేదు.

మధ్యాహ్నమునకు మైదానము చేరితిమి. నగరము నడుమ చెట్లతోను, పచ్చికతోను విశాలముగా పరచుకొనియున్న బయలు అది. కలకత్తా కాలిబంతి చరిత్రయంతయు ఇక్కడ పుట్టినదే. మోహనబాగాను సంఘము 1889లో ఏర్పడినది. 1911 జూలై 29న ఆ సంఘమువారు ఈస్టు యార్కుషైరు పటాలపు తెల్లసిపాయిలను 2–1 గోలులతో ఓడించి షీల్డు గెలిచిరి. మనవారు పదునొకండుగురిలో ఒక్కరు మాత్రమే బూట్లు తొడిగిరి. తక్కిన పదిమందియు వట్టికాళ్లతో నాడిరి. తుపాకులతో గెలువలేని దొరలను కాళ్లతో గెలిచితిమని నాడు దేశమంతయు సంతసించినది.

ఈస్టు బెంగాలు సంఘము 1920లో పుట్టినది. 1947లో దేశవిభజన జరిగి తూర్పు వంగమునుండి లక్షలకొలది జనులు ఇండ్లువాకిండ్లు వదలి వచ్చినపుడు, పోయిన ఊరి పేరు మోయు ఈ సంఘమే వారికి ఊరైనది. నాటినుండి తూర్పువారు ఈస్టు బెంగాలు పక్షము, ఇచ్చటి పాతకాపులు మోహనబాగాను పక్షము. వారి రంగులు ఎరుపును పసుపును. వీరివి ఆకుపచ్చయు ముదురెరుపును. ఇక చేప మాట. తూర్పువారు గెలిచిన దినమున వారి యిండ్లలో ఇలిశ పులుసు. పడమటివారు గెలిచిన దినమున వీరి యిండ్లలో పెద్దరొయ్యల కూర. చేపల బజారులో నాటి ధరనుబట్టి ఎవరు గెలిచినదియు చెప్పవచ్చునందురు. సోదరీమణులు ఒక్కటి గమనింపవలెను. ఆట ఆడినవారు మగవారు, చూచినవారు మగవారు, పోట్లాడినవారు మగవారు. ఆ చేపను తోమి, తరిగి, మసాలా నూరి, గెలుపును వండి వడ్డించినది మాత్రము ఆడువారు. అర్ధశతాబ్దికి పైగా మైదానములో వారి పాలు వంటింటి గడపవరకే.

మేము మైదానము చూచిన నాడు ఆగస్టు 16. కలకత్తావారు మరువలేని తేదీ అది. 1980లో అదే దినమున, అచ్చటి ఈడెను తోటల క్రీడాంగణములో ఈ రెండు సంఘముల ఆట జరుగుచుండగా ప్రేక్షకులలో కొట్లాట పుట్టి, త్రొక్కిసలాటగా మారి, పదునాఱుగురు మరణించిరి. ఆ దినమును కాలిబంతి ప్రియుల దినముగా పాటించి, నేటికిని రక్తదానము చేయుదురు. ఆటకు పంపిన బిడ్డ ఇల్లు చేరునా యని గుమ్మములో నిలుచుట ఎట్టిదో ఆ రాత్రి ఎందరో తల్లులకు తెలిసినది.

మఱియొక ఆగస్టు కథయు చెప్పవలసి యున్నది. 2024 ఆగస్టు 9న ఈ నగరములోనే, ఒక ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రిలో రాత్రి విధులలోనున్న యువ వైద్యురాలు అత్యాచారమునకును హత్యకును గురియైనది. కాదంబినిగారు వైద్యురాలై 138 సంవత్సరములు గడచిన పిమ్మట, ఒక వైద్యురాలు తాను పనిచేయు ఆసుపత్రిలోనే బ్రతికి తెల్లవారుట చూడలేకపోయినది. ఆగస్టు 14 రాత్రి వేలకొలది స్త్రీలు వీథులలోనికి వచ్చి, రాత్రి మాదియునని నడచిరి. 18వ తేదీన డ్యూరాండు కప్పు పందెములో ఈ రెండు సంఘములకును ఆట జరుగవలసి యుండగా, బందోబస్తు కారణముగా దానిని రద్దు చేసిరి. ఆట లేకున్నను జనులు వచ్చిరి. నూరేండ్లుగా ఒకరినొకరు తిట్టుకొన్న రెండు పక్షములవారును క్రీడాంగణము వెలుపల కలసి నిలిచి, ఆ బిడ్డకు న్యాయము కావలెనని యరచిరి. ఒక పక్షమువాడు రెండవ పక్షమువానిని భుజములపై నెత్తుకొన్న ఛాయాచిత్రము పత్రికలలో మేమును చూచితిమి. చూచినపుడే అనుకొంటిమి, ఈ ఆటను ఒకమారు కన్నులార చూడవలెనని.

ఇంచుమించు ఏడాది తిరిగిన పిదప, 2025 ఆగస్టు 17 ఆదివారమునాడు, అదే డ్యూరాండు కప్పులో క్వార్టరు ఫైనలు ఆటకు ఆ రెండు సంఘములే తటస్థించినవి. స్థలము సాల్టులేకులోని వివేకానంద యువభారతి క్రీడాంగణము. 1984లో కట్టిన ఈ భవనములో 1997నాటి ఒక ఆటకు లక్షా ముప్పదివేలకు పైగా జనులు వచ్చిరి. పిదప కుర్చీలు వేయుటచే చోటు తగ్గినది. బండిని బసలో నుంచి బస్సులో పోయితిమి. పెద్ద ఆటలనాడు హెల్మెట్టులు, సంచులు, నీటిసీసాలు మోసుకొనిపోయినచో గేటువద్ద చిక్కులు తప్పవు. రెండు పక్షములవారిని వేఱువేఱు ద్వారములనుండి పంపుదురు. మా టిక్కెట్టు ఎఱుపు–పసుపువారి వైపునకు దొరికినది.

మా ప్రక్కన అఱువదియైదేండ్ల పెద్దముత్తైదువ యొకరు పదుమూడేండ్ల మనుమరాలితో కూర్చుండిరి. ఆమె బెంగాలీని మనుమరాలు హిందీలో మాకు చెప్పినది. ఆమె తండ్రి విభజన కాలమున ఢాకా విడిచి వచ్చినవారట. “మా నాయనకు పోయిన భూమిని గూర్చి మాటాడుట ఇష్టములేదు; ఈ సంఘమును గూర్చి మాత్రము తెల్లవార్లు మాటాడెడివారు” అని చెప్పినది. 1980నాటి ఆటకు పోయిన ఆమె యన్న అర్ధరాత్రి చెప్పులులేని కాళ్లతో ఇల్లు చేరెనట. వారి తల్లి ఆ సాయంకాలమునుండి గుమ్మము వదలలేదట. “మాకు రేడియోయే మైదానము. నేను ఈ మెట్లెక్కుట ఇదియే మొదలు” అని ఆమె పలికినది.

“ఇన్నాళ్లకు ఎందులకు వచ్చితిరి, దీదీ?” అని మా ఆడబిడ్డ యడిగినది.

ఆమె మనుమరాలి తల నిమిరినది. ఆ పిల్ల తమ పేట జట్టులో గోలు కాపరియట. మొన్ననే పెద్దమనిషియైనది. ఇక చాలు, ఆట మానుమని ఇంటిలోనివారు చెప్పుచున్నారట. “మాన్పించుటకు ముందు, మాన్పించునది ఏమిటో నేనొకసారి చూడవలదా?” అని ఆ పెద్దావిడ యన్నది.

సాయంకాలము ఏడు గంటలకు ఆట మొదలైనది. ఎఱుగనివారికై నాలుగు మాటలు. ఇరుపక్షములను పదునొకండుగురేసి యుందురు. నలువదియైదేసి నిమిషములు రెండు భాగములు. గోలు కాపరి తప్ప ఎవ్వరును చేయి తగిలింపరాదు. ఆఫ్ సైడు అనునది మాకు అంతుపట్టలేదు. ఆ పిల్లయే చెప్పినది: మనవారు బంతిని ముందునకు తన్ను క్షణమున, ఎదుటివారి చివరి కావలిని దాటి ముందుగనే పోయి కాచుకొనియుండుట తగదు. “వడ్డనకు ముందే పీటమీద కూర్చుండుట వంటిది” అని మా ఆడబిడ్డ దానికి భాష్యము చెప్పినది.

ముప్పదియెనిమిదవ నిమిషమున ఈస్టు బెంగాలునకు పెనాల్టీ లభించినది. పండ్రెండు గజములనుండి బంతిని తన్నువాడొక్కడు, ఆపువాడొక్కడు. అంతటి జనసమూహము ఊపిరి బిగబట్టగా గ్రీసు దేశస్థుడు దిమిత్రియోసు దియమంతకోసు తన్నిన బంతి గోలులో పడినది. మా చుట్టునున్నవారి కేకకు కాళ్లక్రింది గచ్చు కదలినది. విరామానంతరము ఏబదిరెండవ నిమిషమున అతడే రెండవ గోలు చేసెను. ఎదుటి గాలరీ మూగవోయినది. కాని అఱువదియెనిమిదవ నిమిషమున మోహనబాగానుకు అనిరుధ్ధ థాపా ఒక గోలు తెచ్చిపెట్టగా, ఇక చివరి యిరువది నిమిషములును మా ప్రక్కనున్న పెద్దావిడ కొంగును నోటికి అడ్డముగా పట్టుకొని యుండెను. ఆ పిల్ల మాత్రము బంతిని చూచుటలేదు. గోలు కాపరి అడుగులనే చూచుచుండెను: ఎప్పుడు ముందునకు వచ్చునది, ఎప్పుడు ఆగునది, చేతులెట్లు చాపునది. 2–1తో ఈస్టు బెంగాలు గెలిచినది. కాగితపు దివిటీలు వెలిగినట్లు ఫోనుల దీపములు వెలిగినవి. ఆ నాయనమ్మ కన్నుల నీరు తుడుచుకొని మనుమరాలితో ఏదో చెప్పినది. ఆ పిల్ల దానిని మాకు హిందీలో చెప్పలేదు, నవ్వి ఊరకున్నది.

మగవారి ఆటను చూచి మురియుటతోనే మన పాలు ముగియునా? ముగియరాదు. 1921లో ఇంగ్లండు కాలిబంతి సంఘమువారు ఈ ఆట స్త్రీలకు తగదని తీర్మానించి తమ మైదానములను వారికి మూసివేసిరి. అంతకు ముందటి యేడు డిసెంబరులో లివర్పూలులో జరిగిన స్త్రీల ఆటకు ఏబదివేలమందికి పైగా వచ్చిరి! జనులు రానందున మూయలేదు. వచ్చినందుననే మూసిరేమో యని తోచును. ఆ నిషేధము తొలగుటకు ఏబదియేండ్లు పట్టినది. మన దేశపు స్త్రీలు 1980లో కోళికోడులో జరిగిన ఆసియా పోటీలో రెండవస్థానము పొందిరి. కలకత్తాకు చెందిన శాంతి మల్లిక్ గారికి 1983లో అర్జున పురస్కారము లభించినది. కాలిబంతిలో దానిని పొందిన మొదటి మహిళ ఆమెయే. మేము పోయిన ఏడాది జూలైలోనే మన స్త్రీల జట్టు థాయిలాండును 2–1తో ఓడించి ఆసియా కప్పునకు అర్హత సంపాదించినది. ఆ రెండు గోలులును వంగదేశమునకు చెందిన సంగీతా బాస్ఫోరుగారివే.

ఇందులో మన పాలును కలదు. సికిందరాబాదులో పుట్టిన తులసీదాసు బలరాము 1956, 1960 ఒలింపిక్కులలో మన దేశము తరపున ఆడి, ఈస్టు బెంగాలు అభిమానుల గుండెలలో చోటు సంపాదించెను. ఆయనకును, ఆ కాలపు జట్టునకును శిక్షణ నిచ్చినవారు హైదరాబాదు వాస్తవ్యులు రహీము గారు. నేడు అదే ఎఱుపు–పసుపు చొక్కాను నిజామాబాదు జిల్లా బిడ్డ గుగులోతు సౌమ్య తొడిగినది. ఆమె 2022లో క్రొయేషియా దేశపు దీనమో జాగ్రెబు సంఘమునకు పోయివచ్చినది. 2024–25లో ఈస్టు బెంగాలు స్త్రీల జట్టు భారత మహిళా లీగును గెలిచినపుడు ఆమె అందులో నుండెను. నాయనమ్మ కొంగు పట్టుకొని కూర్చున్న ఆ కలకత్తా పిల్లకు ఈమె పేరు కంఠస్థము. మన యిండ్లలో ఎందరికి తెలియును?

ఆటకు ఆడువారికి ఏమి పొత్తను ప్రశ్నకు మా సమాధానమిది. పోగొట్టుకొనునది మనదైనపుడు, పొందునదియు మనది కావలెను. 1980లో గుమ్మములో నిలిచిన తల్లులకు పొత్తు కలదు. గెలుపును వండినవారికి పొత్తు కలదు. చంపబడిన వైద్యురాలికై మగవారు ఆటస్థలము వాకిటనే నిలిచిరి గనుక, ఆ వాకిలి మనకును తెఱచినట్లే.

పదుమూడేండ్లు రాగానే ఆడపిల్లను ఆటనుండి తప్పించుట మన యిండ్లలో ఎవ్వరును తీర్మానించి చేయునది గాదు. ఒకనాడు కడుపునొప్పి, ఒకనాడు పరీక్ష, ఒకనాడు మేనత్త వచ్చినది, అట్లట్లు మానిపోవును. కావున సోదరీమణులారా, కలకత్తాదాక పోనక్కఱలేదు. మీ యూరి పాఠశాలలో ఆడపిల్లలకు ఆటస్థలము కలదా, బట్టలు మార్చుకొనుటకు గదియు, శుభ్రమైన మరుగుదొడ్డియు కలవా, చీకటిపడకముందే ఇల్లు చేర్చు తోడు కలదా యని విచారింపుడు. లేనిచో పదిమంది తల్లులు కలసి ప్రధానోపాధ్యాయులవద్దకు పొండు. ఒక్కరు పోయిన విన్నపమగును, పదిమంది పోయిన పని యగును. ఆ పిల్లలు ఆడు దినమున వంట ఒక గంట ముందుగా ముగించి, గీత యొడ్డున పోయి కూర్చుండుడు. గోలు పడిన బిడ్డ మొదట తల యెత్తి చూచునది తల్లి వచ్చినదా యనియే.